రేపొస్తడు

ఇందుమతి టీచర్ నన్ను మొదటిసారి చూసినప్పుడు హోంవర్కు ఏదని అడిగారు.

నిజానికి ఆవిడకు పరీక్ష పెట్టడానికి వచ్చింది నేను. మతిమరుపు జబ్బు ఎవరికి ఎంత ముదిరిందో కొలవడం నా ఉద్యోగం. హనుమకొండ శివార్లలో ఒకప్పటి పత్తి గోదాములో నడుస్తున్న మా పరిశోధన కేంద్రంలో మిగతావాళ్ళంతా మెదడుకు మందు తయారుచేస్తారు. ఆ మందు పనిచేసిందో లేదో చూసి నేను మార్కులు వేస్తాను. అందుకే ల్యాబులో నాతో కలిసి టీ తాగేవాళ్ళు తక్కువ. ఆ రోజు మాత్రం మార్కులు ఆవిడే వేశారు. గడియారం బొమ్మ గీయమని కాగితమిస్తే దాని నిండా పెద్ద సున్నా చుట్టి, నా చేతిలో పెట్టి, "రేపు మీ నాయినను తోల్కరా" అన్నారు.

పక్కన కూర్చున్న కూతురు నవ్వలేదు. పేరు స్రవంతి. పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నలభై ఇంకా రాలేదు గాని, పాపిట పక్కన తెల్లవెంట్రుకలు వచ్చేశాయి.

"సర్వీసంతా లెక్కలే చెప్పింది మేడం మా అమ్మ. ఇప్పుడు రెండో ఎక్కం రాదు" అంది, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఇందుమతి గారు మా మాటలు వినడం లేదు. తలుపు వైపు చూస్తున్నారు. వేళ్ళు చీర కొంగును మెలిపెట్టడం మొదలుపెట్టాయి.

"మీ బాపు ఏడే?"

"క్యాంపుకు పోయిండమ్మా. రేపొస్తడు."

"టిఫిన్ డబ్బ తీస్కపోయిండా?"

"తీస్కపోయిండు."

కొంగు మెలి విడిపోయింది. ఆవిడ నా వైపు తిరిగి మళ్ళీ హోంవర్కు అడిగారు.

పరీక్ష అయ్యాక వరండాలో స్రవంతి నాకు సంగతి చెప్పింది. తండ్రి రాజేశం కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ములుగు అడవుల్లో గాలివానకు తీగలు తెగినప్పుడల్లా క్యాంపుకు వెళ్ళేవాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో క్యాంపు అన్నది అన్నం, నీళ్ళు లాంటి మాట. భార్యకు జబ్బు మొదలయ్యాక ఆయనే చూసుకున్నాడు. ఒక సాయంత్రం ఆవిడకిష్టమని సీతాఫలాలు కొనడానికి చౌరస్తాకు వెళ్ళి, సంచి పట్టుకుని ఆటో ఎక్కబోతూ పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. కొడుకులు లేరు కాబట్టి స్రవంతే తలకొరివి పెట్టింది. స్నానం చేసి తడి జుట్టుతో ఇంటికి వస్తే, వాకిట్లోనే తల్లి ఎదురై అడిగింది, మీ బాపు ఏడే అని.

"చెప్పిన మేడం. కింద కూలబడి ఏడ్చింది. అన్నం తినవెట్టిన. ఆ ముద్ద మింగుతనే మల్ల అడిగింది. మల్ల చెప్పిన. మల్ల అట్లనే ఏడ్చింది. ఎప్పుడు చెప్పినా ఆమెకు అదే మొదటిసారి."

పదోరోజున గాజులు తీయడానికి చుట్టాల ఆడవాళ్ళు వస్తే, ఎందుకు తీస్తున్నారని ఇందుమతి గారు అమాయకంగా అడిగారట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. స్రవంతి అందరినీ పంపించేసింది. తల్లి బొట్టు అలాగే ఉంది, మెట్టెలు అలాగే ఉన్నాయి. తండ్రి ఫొటోకు దండ పడలేదు. ఏడాది కర్మ జనగామలో పెదనాన్న ఇంట్లో జరిగింది. కాలేజీ పనుందని చెప్పి స్రవంతి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చింది. పదోరోజు సాయంత్రమే మొదటిసారి ఆమె నోట క్యాంపు మాట వచ్చింది. అది విని తల్లి నెమ్మదించి అన్నం తిన్నది. ఆ తరువాత ఇక వేరే జవాబు అవసరం పడలేదు.

మందుకు ముందు చేసే పరీక్షల కోసం ఆవిడ మా దగ్గరికి చాలాసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా ఎవరు కనిపిస్తే వాళ్ళను సారు వచ్చిండా అని అడిగేవారు. కొద్దిరోజులకే మా వాచ్‌మన్ కూడా తల ఎత్తకుండా రేపొస్తడమ్మా అనేవాడు. నర్సులు అనేవాళ్ళు. నేనూ అన్నాను. మా డైరెక్టరు శ్రీపతి గారు గుంటూరు మనిషి, ఆయన కాస్త మర్యాద కలిపి "రేపొచ్చేస్తారమ్మా" అనేవారు.

*

శ్రీపతి గారి మందుకు కాగితాల మీద ఏవో అక్షరాలు, అంకెలు కలిపి ఒక పేరుంది. ల్యాబులో మేమంతా దాన్ని సిమెంటు అంటాం.

అల్జీమర్స్ వచ్చిన మెదడులో చెత్త పేరుకుంటుంది. దాన్ని ఊడ్చే మందులు ఇంతకుముందే వచ్చాయి. అయితే ఇల్లు ఊడ్చినంత మాత్రాన పోయిన సామాను తిరిగి రాదు. శ్రీపతి గారు గమనించింది ఏమిటంటే, ఆ సామాను పూర్తిగా పోలేదని. నరాల మధ్య లంకెలు ఊడిపోయినా కొసలు చాలాకాలం బతికే ఉంటాయి. చెత్త ఊడ్చాక సిమెంటు ఎక్కిస్తే, ఒక్క పూటసేపు, ఏ జ్ఞాపకం కదిలితే దాని కొసలు మళ్ళీ కలుస్తాయి. కలిసిన చోట గట్టి పొర ఒకటి కడుతుంది. మిగిలిన ఇల్లంతా ఆ స్తంభాల మీద, తరువాతి వారాల్లో మెదడే కట్టుకుంటుంది.

ఎలుకల్లో ఇది బాగా పనిచేసింది. తిండి ఎడమ మూలలో ఉంటుందని ఒక ముసలి ఎలుకకు గుర్తు చేసి సిమెంటు వేశాం. అది చచ్చేదాకా మరిచిపోలేదు. తిండిని కుడి మూలకు మార్చి, కుడి మూలలో తినడం నేర్పాం. కుడివైపు తినేది, తిని మళ్ళీ ఎడమ మూలకు పోయి కూర్చునేది. జ్ఞాపకం చెక్కుచెదరలేదని మేం సంబరపడ్డాం. ఆ పూట ల్యాబులో మిర్చిబజ్జీలు తెప్పించారు.

మనుషులకు వేసేముందు శ్రీపతి గారు ఒక్క నియమం పెట్టారు. ఆ పూట రోగి పక్కన ఇంటిమనిషి ఒక్కరే కూర్చోవాలి, పాత సంగతులు కదిలించాలి, నిజం తప్ప ఇంకేదీ చెప్పకూడదు.

"పెళ్ళికి రాని మావయ్య వచ్చాడని చెప్పారనుకోండి, ఇక ఆయన వచ్చినట్టే. బ్రహ్మదేవుడు కూడా ఆయన్ని ఆ పెళ్ళిలోంచి లేపలేడు" అని స్రవంతికి నవ్వుతూనే చెప్పారు. ఆయన నవ్వుతూ చెప్పినా స్రవంతి నవ్వుతూ వినలేదు. నెలరోజులు చుట్టాల ఇళ్ళకు తిరిగి, ఫోన్లు చేసి, తల్లి జీవితాన్ని సరిచూసుకుంది. రాజేశం పెళ్ళికి ముందు తొక్కిన సైకిలు రంగు గురించి జనగామ పెదనాన్నతో పోట్లాడి, చివరికి పాత ఫొటో వెతికించి పచ్చదేనని తేల్చుకుంది. చెప్పబోయే వాటిలో అబద్ధం ఏమైనా ఉందా అని నేను అడిగితే, ఒట్టేసి లేదంది. ఆ ఒట్టు ఈ రోజుకీ నేను నమ్ముతాను.

సిమెంటు వేసిన రోజు మబ్బుగా ఉంది. ఇందుమతి గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు, చేతికి సూది. ఎదుటి బల్ల మీద సుద్దముక్కలు, నల్లబల్ల మీద వృత్తాలు గీసే చెక్క కంపాసు, పదో తరగతి పిల్లలతో దిగిన ఫొటో, రాజేశం చొక్కా జేబులో ఉండే కరెంటు టెస్టరు. అద్దం ఇవతల నేను, శ్రీపతి గారు, తెర మీద ఆవిడ మెదడు.

స్రవంతి చెబుతూ పోయింది. మొదట్లో తెర మీద ఏమీ లేదు. సుద్దముక్క చేతిలో పెట్టినప్పుడు చిన్న మెరుపు. కంపాసు ముట్టుకోగానే ఇంకొంచెం. పచ్చసైకిలు మాట దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి. టెస్టరు చేతికి వచ్చేసరికి తెరంతా వెలుగు. శ్రీపతి గారు నా భుజం పట్టుకున్నారు, నొప్పి పుట్టేంత గట్టిగా.

ఇందుమతి గారు కళ్ళు తెరిచి, టెస్టరు తిప్పి చూసి, ఎన్నో నెలల తరువాత స్పష్టమైన గొంతుతో అడిగారు.

"మీ బాపు ఏడే?"

తుమ్మితే చిరంజీవ అన్నంత తేలిగ్గా వచ్చింది జవాబు.

"క్యాంపుకు పోయిండమ్మా. రేపొస్తడు."

తెర మీద వెలుగు నిండుగా, నిలకడగా ఉంది. శ్రీపతి గారు బ్రహ్మాండం అన్నారు. నేను కాగితం మీద, అడిగిన ప్రశ్నకు సందర్భం ఉంది అని రాసి ఒక మార్కు వేశాను. ఆ గదిలో గాని, ఈ గదిలో గాని ఎవరికీ ఏమీ తట్టలేదు. రాజేశం చనిపోయాడని మాకందరికీ తెలుసు. ఆయన రేపొస్తాడని కూడా అంతే అలవాటుగా తెలుసు.

*

మూడో వారంలో ఇందుమతి గారు గడియారం బొమ్మ సరిగ్గా గీశారు. దాని కింద, ముళ్ళ మధ్య కోణం ఎంతో రాశారు. నేను అడగలేదు.

నా పేరు అడిగారు. నిఖత్ అన్నాను.

"మా బడిలో ఒక నిఖత్ ఉండె. బీజగణితంల మొద్దు. నువ్వు గాదు గద?"

"కాదు టీచర్. నేను కాజీపేటల చదివిన."

"అయితె బతికిపోయినవ్."

ఆ తరువాత ఆవిడ కోలుకున్న తీరు చూడటానికి ఢిల్లీ నుంచి మందులకు అనుమతులిచ్చే మనుషులు వచ్చారు. శ్రీపతి గారు వాళ్ళ కోసం గోడ మీద పెద్ద గ్రాఫు వేయించారు, ఆవిడ మార్కులు ఆకాశానికి ఎగబాకుతున్నట్టు. ఇందుమతి గారు దాని ముందు నిలబడి అద్దాలు సవరించుకున్నారు.

"ఈ గీత సున్నా కాడికెల్లి మొదలైతలేదు. సగం కాడ కోసి చూపెడుతున్నరు. ఎవల్ని మోసం జేద్దామని?"

ఢిల్లీవాళ్ళకు తెలుగు రాదు కాబట్టి శ్రీపతి గారి పరువు దక్కింది. అయినా ఆయనకు కోపం రాలేదు, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆయన తండ్రి నరసరావుపేటలో ఇదే జబ్బుతో మంచం మీదున్నాడు. మందు వేయబోయే రెండో జట్టులో మొదటి పేరు ఆయనదే.

ఆ వారంలోనే స్రవంతి ఫోను చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"మేడం, అమ్మకు అన్నీ యాదికొచ్చినయి. ఇంక దాచుడెందుకని బాపు సంగతి చెప్పిన."

"ఏడ్చారా?"

"లేదు. నిమ్మళంగ విన్నది. ఏ ఆసుపత్రి, ఎవలెవలు వచ్చిండ్రు, కొరివి ఎవలు వెట్టిండ్రు, అన్నీ అడిగింది. కాయితాలు సుత చూసింది. నా తల మీద చెయ్యి వెట్టింది."

"మంచిదే కదా మరి."

"సాయంత్రం మూడు కంచాలు వెట్టింది మేడం."

*

శ్రీపతి గారు ఆ రోజు రికార్డును మళ్ళీ మళ్ళీ వేసి చూశారు. క్యాంపు మాట వచ్చిన చోట ఆపి, కుర్చీలో వెనక్కి వాలారు. తరువాత అందరినీ తన గదికి పిలిచారు. ఇందుమతి గారికి ఇప్పుడు తెలివి నిండుగా ఉంది కాబట్టి, ఆమె తరఫున ఇంకొకరు నిర్ణయించడం కుదరదు. ఆవిడే వచ్చి నా పక్కన కూర్చున్నారు. స్రవంతి అవతలి వైపు.

"పొరపాటు దిద్దుకునే దారి ఉందమ్మా" అన్నారు శ్రీపతి గారు. "ఇంకోసారి మందు ఇస్తాం. ఆ పూట మీ అమ్మాయి మీకు నిజం చెబుతుంది. పాతదాని మీద అది గట్టిపడుతుంది."

"ఏం నిజం?"

"అదేనమ్మా. సారు పోయిన సంగతి."

"అది నాకు ఎరుకే. పోయిండు. కాయితం చూసిన. జనగామల మా బావనడిగిన. అసలు రిటైరైనోడు క్యాంపుకెట్ల పోతడు? అది గూడ ఎరుకే."

"మరింకేం?"

"మరేముంది. రేపొస్తడు."

ఆవిడ ఆ మాట పిచ్చిగా అనలేదు. పొద్దున పాలవాడు వస్తాడని చెప్పినంత మామూలుగా అన్నారు. గదిలో ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు.

"లెక్క తప్పని తెలుస్తనే ఉన్నది సారూ. జవాబు చెరుగుతలేదు" అన్నారు ఆవిడే మళ్ళీ. తరువాత నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. నువ్వు మార్కులేసేదానివి, నీకు ఆయనకున్నంత ఆశ లేదు. ఈ మందుతోని గట్టిపడ్డది తర్వాతెప్పుడన్న పల్చబడతదా?"

"పల్చబడదు టీచర్. ఎలుకల్లో చివరిదాకా అట్లనే ఉన్నది."

"అంటే, పోయిండని ఆ పూట చెప్తే, ఆ విన్న గడియ నాకు ఎప్పటికీ అట్లనే ఉంటది. అప్పుడే విన్నట్టు."

నేను శ్రీపతి గారి వైపు చూశాను. ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూస్తున్నారు.

"అవును" అన్నాను.

"మామూలోళ్ళకు ఎట్ల తగ్గుతది మరి?"

"కొంచెం కొంచెం మరిచిపోతరు. మనిషిని కాదు, ఆ దెబ్బను."

ఆవిడ తలాడించారు, విద్యార్థి సరైన జవాబు చెప్పినప్పుడు ఆడించినట్టు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. మరుపును గెలవాలని కట్టిన భవనంలో కూర్చుని నేను ఆ జవాబు చెప్పాను.

శ్రీపతి గారు పేపర్‌వెయిట్‌ను పక్కకు జరిపారు. "మీ ఒక్కరి సంగతే కాదమ్మా. తప్పు పడితే దిద్దగలమని చూపిస్తే గాని ఈ మందును ముందుకు పోనివ్వరు. వెనకాల చాలామంది ఉన్నారు. మా నాన్న ఉన్నారు." ఆయన మోసగాడు కాదు. ఎలుక ఎడమ మూలలో కూర్చున్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి, అంతే.

"మీ నాయినకు నా కంటె మంచిగైతది సారూ" అన్నారు ఇందుమతి గారు. "మీ ఇంట్ల ఏమేం అబద్ధాలు అబద్ధాలని మర్చిపోయిండ్రో, ముందుగాల అవి ఏరి పక్కకు పెట్టుండ్రి."

అప్పటిదాకా నేల చూస్తున్న స్రవంతి ఒక్కసారి తల ఎత్తింది.

"వేయించుకో అమ్మా. నీకు దండం పెడుత. రోజూ ఆ మూడో కంచం నేను చూడలేను. ఒక్క మాట జారినందుకు నేను నిన్ను జన్మంత వాకిట్ల కూసోవెట్టిన. నువ్వు ఒక్కసారన్న బాపు కోసం ఏడ్వాలె. నువ్వేడిస్తే గద నేను..."

ఆమె మళ్ళీ నేల వైపు చూసింది.

"ఏడుపు ఒస్తలేదు బిడ్డా" అన్నది తల్లి. "నేను ప్రయత్నం జేసిన. రేపొచ్చేటోని కోసం ఎట్లేడ్వాలె?"

శ్రీపతి గారు ఆలోచించుకోవడానికి గడువిచ్చారు. వాచ్‌మన్‌తో సహా ఇక ల్యాబులో ఎవరూ రేపు అన్న మాట వాడకూడదని ఒక ఆర్డరు కూడా వేశారు. మళ్ళీ ఎప్పుడు రావాలని ఎవరైనా అడిగితే మా వాచ్‌మన్ గోడ క్యాలెండరు చూపించడం మొదలుపెట్టాడు.

*

గడువు అయిపోయే రోజు సాయంత్రం నేను నక్కలగుట్టలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడకు చివరి పరీక్ష మిగిలి ఉంది, దానితో పాటు ఆవిడ జవాబు కూడా తీసుకురమ్మన్నారు.

చిన్న ఇల్లు. హాల్లో రాజేశం ఫొటో ఉంది, ఇప్పటికీ దండ లేదు. లావుపాటి మీసం, నవ్వాలా వద్దా అని తేల్చుకోని ముఖం. వంటింట్లోంచి చింతకాయ తొక్కు పోపు వాసన. ఇందుమతి గారు నేల మీద మూడు కంచాలు పెట్టి గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నారు. స్రవంతి అప్పుడే కాలేజీ నుంచి వచ్చినట్టుంది, భుజానికి బ్యాగు అలాగే ఉంది. మూడో కంచం కనిపించకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

"కాయితాలు తర్వాత. ముందు జవాబు రాసుకో" అన్నారు టీచర్ నాతో. "వద్దని రాయి. మీ సారుకు కోపమొస్తే నేను మాట్లాడుత."

"ఎందుకో కూడా రాయమంటారు టీచర్."

"ఎదురుచూసుడు నాకు కొత్త గాదు. ఆయన లైన్‌మన్‌గున్నప్పటి సంది చూస్తున్న, ఎప్పుడు గాలివానొచ్చినా ఇదే పని. అప్పుడు స్తంభం మీద ఏమైతదో అని భయముండె. ఇప్పుడు ఆ భయం సుత లేదు. రేపొస్తడు, అంతే. రోజు పొద్దూకినంక కొంచెం గుబులైతది. తెల్లారేటాల్లకు మంచిగైతది. ఇంత నేను మోస్త. నువ్వు చెప్పిన ఆ గడియ మాత్రం మొయ్యలేను."

స్రవంతి గోడవైపు నుంచే అంది. "నేను మొయ్యాలె మరి."

పక్కింట్లో కుక్కరు కూత వినిపించింది. ఇందుమతి గారు నీళ్ళ చెంబు కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూతురి ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వెప్పుడేడ్చినవే?"

స్రవంతి భుజం మీది బ్యాగు పట్టీ సర్దుకుంది.

"అందర్నడిగి నేను ఆ లెక్కే చేస్తున్న ఇన్నాళ్ళ నుంచి. బాపు పోయిన్నాడు నేనేడ్చిన, నువ్వు నన్ను పట్టుకున్నవ్. తెల్లారి నేనేడ్చిన, నువ్వు అన్నం తినవెట్టినవ్. పదోనాటి సంది క్యాంపు. క్యాంపుకు పోయినోని కోసం ఇంట్ల ఎట్లేడుస్తవ్? నేను ఎందుకని అడుగుత గద. జనగామల ఏడ్చినవా?"

"అక్కడ అందరు నన్నే ధైర్యం చెప్పమన్నరు" అంది స్రవంతి.

"మరింకెక్కడ?"

నేను పరీక్ష కాగితాలు బ్యాగులో పెట్టేసి లేవబోయాను. ఇలాంటి చోట కొలిచేవాళ్ళ అవసరం ఉండదు. ఇందుమతి గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మూడో కంచాన్ని నా ముందుకు జరిపి, అన్నం పెట్టి, తొక్కు వేసి, పైన నెయ్యి పోశారు.

"తిను బిడ్డా. ఆయన రేపు తింటడు."

నేను తిన్నాను. రాజేశం కంచంలో, రాజేశం ఫొటో ఎదురుగా.

ఇందుమతి గారు కూతురి భుజం మీది బ్యాగు తీసి పక్కన పెట్టారు. చిన్నపిల్లకు జడ వేయబోతున్నట్టు, ముఖం మీద పడిన వెంట్రుకలు వెనక్కి దువ్వారు.

"ఆ దినం ఏమైందో చెప్పు. కాయితాల ఉన్నది గాదు. నువ్వు ఏం చూసినవ్, నీకెట్లయింది, అది చెప్పు. రేపు మల్ల చెప్పు, ఎల్లుండి సుత చెప్పు. ఎన్నిసార్లు చెప్పినా నేను కూలబడను, నన్ను పట్టుకునే పని నీకు లేదు."

"అమ్మా, నీకు..."

"నాకైతే రేపొస్తడు. నీకు రాడు గద బిడ్డా. చెప్పు."

స్రవంతి తల్లి ఒళ్ళో తల పెట్టింది. వచ్చిన గొంతు నేనెరిగిన స్రవంతిది కాదు, చాలా చిన్నది. చౌరస్తా నుంచి ఎవరో ఫోను చేస్తే ఆటోలో పరుగున వెళ్ళానని, రోడ్డు మీద సంచి చిరిగి సీతాఫలాలు దొర్లి ఉన్నాయని, బాపును చూడకముందే వాటిని ఏరడం మొదలుపెట్టానని చెప్పింది. ఎందుకు ఏరిందో తెలియదంది. ఆ మాట దగ్గర ఏడుపు వచ్చింది, ఇల్లు దద్దరిల్లేంత పెద్దగా. తల్లి వీపు నిమురుతూ, పొడి కళ్ళతో వింటూ ఉంది.

"ఎన్ని పగిలినయి?" అని అడిగింది కాసేపటికి.

"అన్నీ పండినయే అమ్మా. అన్నీ పగిలినయి."

"ఆఁ. తర్వాత?"